ఒక్క ఓటు ముఖ్యమంత్రి: తూరింగియాలో బోడో రామెలో పదేళ్లు

జర్మనీ పార్లమెంటు బుందెస్టాగ్ సార్వత్రిక ఎన్నికల అనంతరం 2025 మార్చి 25న తొలిసారి సమావేశమైంది. ఆ రోజు సభ ఎన్నుకున్న ఉపాధ్యక్షులలో బోడో రామెలో ఒకరు. అప్పటికి అరవై తొమ్మిదేళ్లున్న ఈ వామపక్ష నాయకుని పేరు మన దేశంలో అంతగా వినబడలేదు. బెర్లిన్‌లో ఛాన్సలర్ మారితే ఆ వార్త మనకు చేరుతుంది. జర్మనీ రాష్ట్ర రాజధానులలో ఏం జరుగుతున్నదో చేరదు. అయితే గత పదేళ్లలో జర్మనీ పార్లమెంటరీ వ్యవస్థకు ఎదురైన అతి క్లిష్టమైన పరీక్షలలో ఒకటి బెర్లిన్‌లో కాక ఎర్ఫుర్ట్ అనే చిన్న నగరంలో, ఒక రాష్ట్ర శాసనసభలో జరిగింది. ఆ పరీక్షలో ఒకసారి ఓడి, నెల తిరగకుండా మళ్లీ నెగ్గిన ముఖ్యమంత్రి రామెలో.

ఎర్ఫుర్ట్ తూరింగియా రాష్ట్రానికి రాజధాని. తూర్పు జర్మనీ కమ్యూనిస్టు రాజ్యంలో భాగంగా ఉండి, 1990లో దేశ పునరేకీకరణతో సమాఖ్యలో చేరిన రాష్ట్రాలలో తూరింగియా ఒకటి. జనాభా 21 లక్షల పైచిలుకు, అంటే మన దేశంలో ఒక మధ్యరకం జిల్లాతో సమానం. చరిత్రలో దాని స్థానం మాత్రం చిన్నది కాదు. మార్టిన్ లూథర్ బైబిల్ కొత్త నిబంధనను జర్మన్ భాషలోకి అనువదించిన వార్ట్‌బుర్గ్ కోట ఇక్కడిదే. జర్మనీ తొలి గణతంత్ర రాజ్యాంగం 1919లో రూపుదిద్దుకున్న వైమార్ ఇక్కడిదే. ఆ గణతంత్రాన్ని కూల్చిన నాజీలు మొట్టమొదటిసారి ఒక రాష్ట్ర ప్రభుత్వంలో మంత్రి పదవి సంపాదించినదీ ఇక్కడే. 1930 జనవరిలో మితవాద పార్టీలు తమ సంఖ్యాబలం చాలక హిట్లర్ అనుచరుడు విల్హెల్మ్ ఫ్రిక్‌ను మంత్రివర్గంలో చేర్చుకున్నాయి. మూడేళ్లకు హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. 1937లో వైమార్ పట్టణం పక్కనే బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం వెలసింది. అందుకే తూరింగియా శాసనసభలో ఎవరు ఎవరి ఓటుతో గెలిచారన్నది అక్కడివారికి సామాన్యమైన లెక్క కాదు.

ఈ కథ అర్థం కావాలంటే అక్కడ ముఖ్యమంత్రిని ఎన్నుకునే పద్ధతి తెలియాలి. మన దేశంలో మెజారిటీ ఉన్నదని భావించిన నాయకుణ్ణి గవర్నర్ ఆహ్వానిస్తారు. ఆ తరువాత సభలో విశ్వాస పరీక్ష బహిరంగంగా జరుగుతుంది. పార్టీ విప్‌ను ధిక్కరించిన సభ్యునిపై రాజ్యాంగం పదవ షెడ్యూలు కింద అనర్హత వేటు పడవచ్చు. తూరింగియాలో గవర్నర్ అనే పదవే లేదు. శాసనసభ్యులే రహస్య బ్యాలెట్ ద్వారా మినిస్టర్ ప్రెసిడెంట్‌ను, అంటే ముఖ్యమంత్రిని, ఎన్నుకుంటారు. మొదటి రెండు విడతలలో మొత్తం సభ్యులలో సగం కంటే ఎక్కువమంది మద్దతు కావాలి. ఆ రెండింటిలో తేలకపోతే మూడవ విడతలో ఎవరికి అత్యధిక ఓట్లు వస్తే వారే విజేత. ఎవరు ఎటు ఓటు వేశారో ఎవరికీ తెలియదు, తెలిసినా శిక్ష లేదు. 1999లో ఒక్క ఓటుతో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయినప్పుడు ఆ ఓటు ఎవరిదన్న చర్చ మన దేశంలో ఏళ్ల తరబడి సాగింది. ఎర్ఫుర్ట్‌లో అటువంటి చర్చకు ఆధారమే ఉండదు.

రామెలో తూరింగియాలో పుట్టినవారు కారు. 1956 ఫిబ్రవరి 16న పశ్చిమ జర్మనీలోని ఓస్టర్‌హోల్ట్స్-షార్మ్‌బెక్ పట్టణంలో జన్మించారు. పదకొండేళ్ల వయసులో తండ్రిని కోల్పోయారు. అక్షరాలు తారుమారుగా కనిపించే డిస్లెక్సియా ఆయనను బాల్యం నుంచి పీడించింది. అది జబ్బని యౌవనంలో గాని తెలియలేదు. అంతవరకు బడిలో సోమరిగానే లెక్క. డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో వర్తక శిక్షణ పొంది, వాణిజ్య రంగంలో పనిచేసి, 1981లో వాణిజ్య, బ్యాంకింగ్, బీమా ఉద్యోగుల సంఘంలో పూర్తికాలపు కార్యదర్శి అయ్యారు. విశ్వవిద్యాలయాల నుంచి, న్యాయవాద వృత్తి నుంచి వచ్చిన నాయకులే ఎక్కువగా కనిపించే జర్మనీ రాజకీయాలలో ఈ నేపథ్యం అరుదు. ఆయన ప్రసంగాలలో లెక్కల పట్ల ఉన్న ఆసక్తి, ఆవేశం, అప్పుడప్పుడు తొంగిచూసే ముక్కోపం కార్మిక సంఘపు బేరసారాలలో అలవడినవే అనిపిస్తుంది.

బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడాది, 1990లో, ఆయన తూరింగియాకు తరలివచ్చారు. తూర్పున కొత్తగా కార్మిక సంఘాలను నిర్మించే బాధ్యత ఆయనకు అప్పగించారు. ఆ రోజులలో తూర్పు జర్మనీ ప్రభుత్వ రంగ సంస్థలన్నింటినీ ట్రాయ్‌హాండ్ అనే సంస్థ చేతికి ఇచ్చి, ప్రైవేటుకు అమ్మడమో మూసివేయడమో చేస్తున్నారు. లక్షలమంది ఉద్యోగాలు పోయాయి. 1993లో బిషోఫెరోడ గ్రామంలోని పొటాష్ గనిని మూసివేయాలని నిర్ణయించినప్పుడు గని కార్మికులు నిరాహార దీక్షకు దిగారు. పశ్చిమాన ఉన్న పోటీ సంస్థ ప్రయోజనం కోసమే లాభాల అవకాశమున్న తమ గనిని బలిపెడుతున్నారన్నది వారి వాదన. కార్మికుల పక్షాన నిలబడిన సంఘ నాయకులలో రామెలో ముందువరుసలో ఉన్నారు. ఆ ఏడాది చివర గని మూతపడింది. పశ్చిమం నుంచి వచ్చిన ఒక మనిషిని తూర్పువారు తమవాడుగా అంగీకరించడానికి ఈ ఓడిపోయిన పోరాటం కారణమైనంతగా మరేదీ కాలేదు.

అంతవరకు ఆయనకు పార్టీ లేదు. 1999లో, నలభై మూడేళ్ల వయసులో, ప్రజాస్వామ్య సోషలిజం పార్టీలో చేరారు. ఇది సామాన్యమైన నిర్ణయం కాదు. తూర్పు జర్మనీని నలభై ఏళ్లు ఏకపక్షంగా ఏలిన, గోడ కట్టించిన, గూఢచారి వ్యవస్థతో పౌరులను పీడించిన సోషలిస్టు యూనిటీ పార్టీకి అది వారసురాలు. పైగా రామెలో ఆస్తికుడు, ప్రొటెస్టంట్ చర్చి సభ్యుడు. మతాన్ని అణచివేసిన పార్టీ వారసత్వంలో ఒక క్రైస్తవుడు ఎదగడం వింతగా తోచినా, ఆ తరువాత అదే ఆయన బలమైంది. 2005లో బుందెస్టాగ్‌కు ఎన్నికై, పశ్చిమ జర్మనీలోని అసంతృప్త సోషల్ డెమోక్రాట్లు స్థాపించిన కొత్త వేదికతో తన పార్టీని విలీనం చేసే సంప్రదింపులను నడిపించారు. 2007 జూన్‌లో ‘డీ లింకె’ అనే వామపక్ష పార్టీ ఆవిర్భవించింది.

ఇన్నేళ్లూ రాజ్యాంగ పరిరక్షణ శాఖ పేరుతో పనిచేసే దేశీయ నిఘా సంస్థ ఆయన మీద సమాచారం సేకరిస్తూనే ఉన్నది. ఒక ప్రజాప్రతినిధిపై రాజ్యం నిఘా పెట్టవచ్చునా అని ఆయన కోర్టులను ఆశ్రయించారు. కింది దశలలో గెలుపోటములు మారుతూ వచ్చాయి. 2010లో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం నిఘాను సమర్థించింది. చివరకు 2013లో ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ప్రజాప్రతినిధి స్వేచ్ఛకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణ ఇటువంటి నిఘాకు అడ్డు నిలుస్తుందనీ, తన పదవిని ప్రజాస్వామ్య వ్యవస్థపై దాడికి వినియోగించుకుంటున్న సూచనలున్నప్పుడే మినహాయింపు ఉంటుందనీ న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పు వెలువడిన ఏడాదికే ఆయన ముఖ్యమంత్రి కావడం, రాష్ట్రంలో అదే శాఖ తన ప్రభుత్వం కిందికి రావడం చరిత్ర చేసే చమత్కారాలలో ఒకటి.

2014 సెప్టెంబర్ ఎన్నికలలో క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ, అంటే సి.డి.యు., 33.5 శాతం ఓట్లతో పెద్ద పార్టీగా నిలిచింది. 1990 నుంచి రాష్ట్రాన్ని ఎడతెగకుండా ఏలుతున్నది ఆ పార్టీయే. వామపక్ష పార్టీకి 28.2 శాతం వచ్చింది. గతంలో వామపక్ష ముఖ్యమంత్రిని అంగీకరించని సోషల్ డెమోక్రాట్లు ఈసారి గ్రీన్ పార్టీతో కలిసి మద్దతుకు సిద్ధపడ్డారు. మూడు పార్టీలకు కలిపి 91 స్థానాల సభలో 46 వచ్చాయి. సరిగ్గా ఒక్క ఓటు ఆధిక్యం. గోడ కూలిన పాతికేళ్లకు ఆ పార్టీ మళ్లీ అధికారంలోకి రావడమేమిటని ఎర్ఫుర్ట్ వీధులలో వేలమంది కొవ్వొత్తులతో నిరసన తెలిపారు. స్వయంగా తూర్పు జర్మనీలో పాస్టర్‌గా పనిచేసిన దేశాధ్యక్షుడు యోఆఖిమ్ గౌక్ కూడా తన సందేహాలను బహిరంగంగా వెల్లడించారు. డిసెంబర్ 5న తొలి విడతలో రామెలోకు 45 ఓట్లే పడ్డాయి. తనవారిలోనే ఎవరో ఒకరు వెనక్కి తగ్గారు. రెండవ విడతలో 46 వచ్చాయి. జర్మనీలో వామపక్ష పార్టీకి చెందిన తొలి ముఖ్యమంత్రి ఆ విధంగా ఎన్నికయ్యారు.

ఆ రోజు సభలో ఆయన చేసిన తొలి ప్రసంగంలో ఒక భాగం గుర్తుంచుకోదగినది. తన పార్టీ పూర్వరూపం చేతిలో చెరసాలలలో మగ్గినవారిని ఉద్దేశించి ఆయన క్షమాపణ కోరారు. ఆ నేరాలతో ఆయనకు వ్యక్తిగత సంబంధం ఏదీ లేదు; ఆ కాలంలో ఆయన పశ్చిమ జర్మనీలో ఉన్నారు. పార్టీలోని పాతతరం సణిగినా, ప్రత్యర్థుల ఆయుధాలలో సగం ఆనాడే మొద్దుబారాయి.

ఆయన పాలనలో విప్లవాత్మకమైనది ఏదీ కనిపించదు. ఒక్క ఓటు ఆధిక్యంతో విప్లవాలు సాధ్యం కావు కూడా. కిండర్‌గార్టెన్‌లో చివరి ఏడాది, ఆ తరువాత చివరి రెండేళ్లు తల్లిదండ్రులు ఫీజు చెల్లించనవసరం లేకుండా చేశారు. సెప్టెంబర్ 20ని, అంటే ప్రపంచ బాలల దినాన్ని, 2019 నుంచి ప్రభుత్వ సెలవుగా ప్రకటించారు. చైనా బ్యాటరీ సంస్థ సి.ఎ.టి.ఎల్. తన దేశం వెలుపల తొలి కర్మాగారాన్ని తూరింగియాలోని ఆర్న్‌స్టాట్ వద్ద నెలకొల్పింది. వామపక్షం వస్తే పెట్టుబడులు పారిపోతాయన్న ప్రచారానికి అది సమాధానమైంది. వైఫల్యాలూ ఉన్నాయి. జిల్లాల సంఖ్య తగ్గించే పెద్ద సంస్కరణ 2017లో రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానంలో సాంకేతిక కారణాలతో చిక్కుకొని, స్థానికుల వ్యతిరేకత మధ్య అటకెక్కింది. అభ్యర్థుల జాబితాలలో స్త్రీ పురుషులకు సమాన స్థానం కల్పించే చట్టాన్ని కూడా అదే న్యాయస్థానం 2020లో కొట్టివేసింది.

2019 అక్టోబర్‌లో ఓటర్లు తీర్పు చెప్పారు. ఆ తీర్పు విచిత్రమైనది. వామపక్ష పార్టీకి 31 శాతం ఓట్లు వచ్చాయి. ఏ రాష్ట్రంలోనైనా ఆ పార్టీ సాధించిన అత్యధిక ఫలితం అదే. అయినా ప్రభుత్వం మెజారిటీ కోల్పోయింది. భాగస్వామ్య పక్షాలు క్షీణించడంతో మూడు పార్టీలకు కలిపి 90 స్థానాలలో 42 మాత్రమే దక్కాయి. మరోవైపు, ‘జర్మనీకి ప్రత్యామ్నాయం’ అనే అర్థం గల పేరున్న ఎ.ఎఫ్.డి. 23.4 శాతంతో సి.డి.యు.ను దాటి రెండవ స్థానానికి చేరింది. రాష్ట్రంలో దాని నాయకుడు బ్యోర్న్ హ్యోకె, పార్టీలోని అత్యంత తీవ్రవాద వర్గానికి ప్రతినిధి. 2021లో రాష్ట్ర రాజ్యాంగ పరిరక్షణ శాఖ తూరింగియా ఎ.ఎఫ్.డి.ని నిర్ధారిత మితవాద తీవ్రవాద సంస్థగా వర్గీకరించింది. తూర్పు ప్రజల గొంతునని చెప్పుకునే హ్యోకె కూడా పశ్చిమం నుంచి వచ్చిన చరిత్ర ఉపాధ్యాయుడే. తూర్పువారి ఆవేదనకు ఇరువైపులా పశ్చిమం మనుషులే ప్రతినిధులు కావడం మీద అక్కడి మేధావులు ఇంకా తగినంతగా ఆలోచించలేదేమో.

ఇక్కడ సి.డి.యు. ఇరకాటంలో పడింది. అటు ఎ.ఎఫ్.డి.తోగాని ఇటు వామపక్ష పార్టీతోగాని సహకరించరాదని ఆ పార్టీ జాతీయ మహాసభ 2018 డిసెంబర్‌లో తీర్మానించింది. ఆ రెండు పార్టీలకూ కలిపి తూరింగియా సభలో సగానికి మించిన స్థానాలు వచ్చాయి. అంటే తీర్మానానికి కట్టుబడితే ఏ మెజారిటీ ప్రభుత్వమూ ఏర్పడదు. నిప్పు ఒక ఇంటినుంచి మరో ఇంటికి పాకకుండా కట్టే అడ్డుగోడను జర్మన్ భాషలో ‘బ్రాండ్‌మౌవర్’ అంటారు. తీవ్ర మితవాదంతో ఎటువంటి పొత్తూ ఉండరాదన్న ఒప్పందానికి అక్కడ ఈ పేరే స్థిరపడింది. గోడకు రెండువైపులా ఒకే ఎత్తు ఉండాలన్న సి.డి.యు. లెక్క తూరింగియాలో తప్పింది. క్షమాపణ చెప్పి, ఐదేళ్లు రాజ్యాంగబద్ధంగా పాలించిన ముఖ్యమంత్రినీ, హ్యోకెనూ ఒకే తక్కెడలో తూచిన తీర్మానం అది.

2020 ఫిబ్రవరి 5. తొలి రెండు విడతలలో రామెలోకు 43, 44 ఓట్లు వచ్చాయి. ఎ.ఎఫ్.డి. బలపరిచిన అభ్యర్థికి 25, 22. మూడవ విడతలో ఫ్రీ డెమోక్రాట్ల నాయకుడు థోమాస్ కెమ్మెరిష్ రంగంలోకి దిగారు. ఆయన పార్టీకి సభలో ఉన్నవి ఐదు స్థానాలు. అవైనా అర్హతకు కావలసిన ఐదు శాతం గీతను వందలోపు ఓట్ల తేడాతో దాటడం వల్ల దక్కినవి. లెక్కింపు ముగిసింది. కెమ్మెరిష్‌కు 45, రామెలోకు 44, ఒకరు తటస్థం. ఎ.ఎఫ్.డి. అభ్యర్థికి సున్నా. తమ అభ్యర్థిని తామే వదిలేసి ఎ.ఎఫ్.డి. సభ్యులు కెమ్మెరిష్‌ను గెలిపించారన్నది ఆ సున్నా చెప్పిన సంగతి. యుద్ధానంతర జర్మనీలో తీవ్ర మితవాదుల ఓట్లతో ఒక ముఖ్యమంత్రి ఎన్నిక కావడం అదే మొదటిసారి. వామపక్ష నాయకురాలు సుసానె హెన్నిగ్-వెల్సో అభినందన కోసం తెచ్చిన పూలగుత్తిని కెమ్మెరిష్ పాదాల ముందు పడవేసి వెనుదిరిగిన దృశ్యం ఆ సాయంత్రం దేశమంతటా ప్రసారమైంది.

తరువాతి రోజులలో జర్మనీ రాజకీయం అతలాకుతలమైంది. దక్షిణాఫ్రికా పర్యటనలో ఉన్న ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ అక్కడినుంచే ఆ ఎన్నిక క్షమించరానిదనీ, ఫలితాన్ని సరిదిద్దవలసిందేననీ ప్రకటించారు. కెమ్మెరిష్ మరునాడే తప్పుకుంటానని చెప్పి, ఫిబ్రవరి 8న రాజీనామా చేశారు. కెమ్మెరిష్‌ను అభినందించిన తూర్పు రాష్ట్రాల వ్యవహారాల ప్రతినిధి పదవి కోల్పోయారు. తన పార్టీ రాష్ట్ర శాఖను అదుపులో పెట్టలేకపోయిన సి.డి.యు. అధ్యక్షురాలు అన్నెగ్రెట్ క్రాంప్-కారెన్‌బావర్, ఛాన్సలర్ అభ్యర్థిత్వానికి తాను పోటీపడనని ఫిబ్రవరి 10న వెల్లడించారు. ఇరవై ఒక్క లక్షల జనాభా గల రాష్ట్రంలో ఒక్క ఓటు, మెర్కెల్ వారసత్వాన్నే మార్చివేసింది. మెర్కెల్ మాట కూడా ప్రశ్నకు అతీతం కాలేదు. ఛాన్సలర్ హోదాలో ఒక పార్టీకి వ్యతిరేకంగా మాట్లాడటం పార్టీల సమానావకాశాల హక్కుకు భంగమని 2022 జూన్‌లో ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానం ఎ.ఎఫ్.డి.కి అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

ప్రతిష్టంభన తొలగించేందుకు రామెలో వేసిన ఎత్తు ఆయన స్వభావాన్ని చెబుతుంది. మధ్యంతర ఎన్నికల వరకు తాను ఓడించిన మాజీ సి.డి.యు. ముఖ్యమంత్రి క్రిస్టీనె లీబెర్‌క్నెష్ట్ తాత్కాలిక ప్రభుత్వాన్ని నడపాలని ప్రతిపాదించారు. సి.డి.యు. వారే తేల్చుకోలేకపోయారు. చివరకు మార్చి 4న మళ్లీ ఎన్నిక జరిగింది. తొలి రెండు విడతలలో ఎదుట నిలిచినది హ్యోకె. మూడవ విడతలో ఆయన తప్పుకోగా, 42 అనుకూల, 23 ప్రతికూల ఓట్లతో రామెలో ఎన్నికయ్యారు. సి.డి.యు. సభ్యులు తటస్థంగా ఉండి దారి ఇచ్చారు. అభినందించడానికి హ్యోకె చాచిన చేతిని రామెలో అందుకోలేదు. ప్రజాస్వామ్యాన్ని పరిహసించేవారితో కరచాలనం చేయనన్నారు. అదే రామెలో, మర్నాడు శాసనసభ ఉపాధ్యక్ష పదవికి ఎ.ఎఫ్.డి. అభ్యర్థికి ఓటు వేసినట్టు తానే వెల్లడించారు. సభలో ప్రతి పక్షానికీ దాని స్థానం దక్కాలనీ, న్యాయమూర్తుల నియామక సంఘం పని స్తంభించకుండా చూడాలనీ ఆయన వివరణ. స్వపక్షమే ఆయన మీద విరుచుకుపడింది. ఈ రెండు చర్యలను కలిపి చూసినవారికి ఒక సూత్రం కనిపిస్తుంది: సభా హక్కులు నిరాకరించరాదు, అధికారంలో వాటా ఇవ్వరాదు. ఈ రెండింటికీ మధ్య గీత గీయడం తేలిక కాదు, కాని రామెలో అంత స్పష్టంగా దానిని ప్రయత్నించినవారు తక్కువ.

ఆ తరువాత నాలుగేళ్లపాటు మైనారిటీ ప్రభుత్వం నడిచింది. ప్రతి బడ్జెట్‌కూ సి.డి.యు. తలుపు తట్టవలసి వచ్చేది. 2021లో జరగవలసిన మధ్యంతర ఎన్నికలు సభ రద్దుకు కావలసిన మూడింట రెండు వంతుల మద్దతు ఖాయం కాక ఆగిపోయాయి. కోవిడ్ రోజులలో ఛాన్సలర్‌తో గంటల తరబడి సాగే దూరసమావేశాల సమయంలో తాను ఫోన్‌లో క్యాండీ క్రష్ ఆడుకునేవాడినని ఒక ఆన్‌లైన్ సంభాషణలో ఆయన చెప్పడం, మెర్కెల్ పేరును ముద్దుపేరుగా మార్చి పలకడం దుమారం రేపాయి. ఆ పిలుపుకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అదే ఏడాది నవంబర్ నుంచి ఒక సంవత్సరం ఆయన రాష్ట్ర ప్రభుత్వాల సభ అయిన బుందెస్రాట్‌కు అధ్యక్షుడుగా ఉన్నారు. మన రాజ్యసభకు ఎన్నికైన సభ్యులు వెళ్తారు. బుందెస్రాట్‌లో రాష్ట్ర ప్రభుత్వాలే నేరుగా కూర్చుంటాయి, ముఖ్యమంత్రులు వంతులవారీగా అధ్యక్షత వహిస్తారు, దేశాధ్యక్షుడు అందుబాటులో లేనప్పుడు ఆ బాధ్యతలు వారివే. ఒకప్పుడు నిఘా నీడలో ఉన్న వ్యక్తికి ఆ స్థానం దక్కింది.

ఈలోగా అడ్డుగోడకు బీటలు వారాయి. 2023 సెప్టెంబర్‌లో స్థిరాస్తి బదిలీ పన్నును తగ్గించే బిల్లును సి.డి.యు. ప్రభుత్వ వ్యతిరేకత మధ్య ఎ.ఎఫ్.డి. ఓట్లతో గెలిపించుకున్నది. పొత్తు లేదు, ఒప్పందం లేదు, మా బిల్లుకు వారు ఓటు వేశారంతే అన్నది ఆ పార్టీ సమాధానం.

2024 సెప్టెంబర్ 1న వచ్చిన ఫలితం రామెలో పదవీకాలానికి తెర దించింది. ఎ.ఎఫ్.డి.కి 32.8 శాతం, యుద్ధానంతరం జర్మనీలో ఒక రాష్ట్ర శాసనసభ ఎన్నికలో తీవ్ర మితవాద పార్టీ ప్రథమ స్థానం పొందడం అదే తొలిసారి. వామపక్ష పార్టీ 31 నుంచి 13.1 శాతానికి పడిపోయింది. అయినా ఎర్ఫుర్ట్‌లోని తన నియోజకవర్గంలో రామెలో స్వయంగా గెలిచారు. నాయకుని మీద నమ్మకం పోలేదు, పార్టీ మీద పోయింది.

దీనికి కారణాలు వెతికేటప్పుడు రాష్ట్ర పాలన ఒక్కటే చూస్తే చాలదు. వామపక్ష పార్టీ నుంచి విడిపోయిన సారా వాగెన్‌క్నెష్ట్ 2024 జనవరిలో సొంత పార్టీ స్థాపించి, ఉక్రెయిన్‌కు ఆయుధ సహాయాన్ని వ్యతిరేకిస్తూ, వలసల నియంత్రణ కోరుతూ తొలి ప్రయత్నంలోనే 15.8 శాతం ఓట్లు పొందారు. ఆమె పుట్టినదీ తూరింగియాలోని యేనా నగరంలోనే. అయితే అసలు మార్పు అంతకు ముందే మొదలైందని చెప్పాలి. 1990ల నుంచి తూర్పువారి కోపం, అవమానం, బిషోఫెరోడ వంటి గాయాలు ఓటు రూపంలో చేరిన చోటు వామపక్షమే. ఆ పార్టీ నాయకుడే ముఖ్యమంత్రి అయ్యాక, సి.డి.యు.తో కలిసి బడ్జెట్లు రూపొందించాక, నిరసన తెలపాలనుకున్న ఓటరుకు ఆ పార్టీ కూడా ప్రభుత్వంగానే కనిపించింది. ఎ.ఎఫ్.డి. ఆ ఖాళీలోకి వచ్చింది. మధ్యస్థ ఓటరు నమ్మకాన్ని గెలుచుకునే కొద్దీ రామెలో తన పార్టీ పాత ఓటరును కోల్పోయారు. ఆయనకు వేరే దారి ఉన్నదని ఈ విశ్లేషకుడు అనుకోడు; తీవ్రస్వరంతో మాట్లాడి ఉంటే 2014లోనే 46వ ఓటు పడేది కాదు.

ఈ పరిణామం భారతీయులకు దూరపు విషయం కాదు. 1990లో 26 లక్షలున్న తూరింగియా జనాభా ఈనాడు 21 లక్షలకు తగ్గింది. యువత పశ్చిమానికి వెళ్లిపోయింది, ఉన్నవారిలో వృద్ధులు ఎక్కువ. ఆసుపత్రులు, కర్మాగారాలు విదేశీ పనివారి కోసం ఎదురుచూస్తున్నాయి. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థులలో మనవారిదే ప్రథమ స్థానం. 2023-24లో వారి సంఖ్య దాదాపు 49 వేలు. తూరింగియాలోని ఇల్మెనౌ, యేనా విశ్వవిద్యాలయాలలోనూ భారతీయ విద్యార్థులున్నారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. 2015 సెప్టెంబర్‌లో శరణార్థుల రైలును జాల్‌ఫెల్డ్ స్టేషన్‌లో స్వయంగా ఎదురేగి స్వాగతించిన ముఖ్యమంత్రి రామెలో. వలసలను తీవ్రంగా వ్యతిరేకించే పార్టీ ఇప్పుడు అదే రాష్ట్రంలో అతి పెద్దది. ఏ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకోవాలి, రాత్రిపూట ఏ ట్రామ్ ఎక్కాలి అని కొత్తగా వెళ్లిన విద్యార్థి సీనియర్లను అడగవలసిన పరిస్థితి వస్తే, ఆ పట్టణం కొత్తవారిని నిలుపుకోలేదు.

ఎన్నికల తరువాత కొత్త శాసనసభ తొలి సమావేశమే రసాభాసగా మారింది. వయసు రీత్యా అధ్యక్షత వహించిన ఎ.ఎఫ్.డి. సభ్యుడు ఇతర పక్షాల తీర్మానాలను చర్చకు అనుమతించకపోవడంతో, రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకున్నాకనే స్పీకర్ ఎన్నిక పూర్తయింది. 88 స్థానాలలో ఎ.ఎఫ్.డి.కి 32 ఉన్నాయి, అంటే మూడింట ఒక వంతు దాటింది. రాజ్యాంగ సవరణలను అడ్డుకునే శక్తి దాని చేతికి వచ్చింది. సి.డి.యు., వాగెన్‌క్నెష్ట్ పార్టీ, సోషల్ డెమోక్రాట్లు కలిస్తే 44; సరిగ్గా సగం, అంతకు ఒక్కటి కూడా ఎక్కువ కాదు. పదేళ్ల కింద రామెలోకు ఒక్క ఓటు మిగిలింది, ఈసారి ఒక్క ఓటు తక్కువైంది. 2024 డిసెంబర్ 12న సి.డి.యు. నాయకుడు మారియో ఫోక్ట్ తొలి విడతలోనే 51 ఓట్లతో ముఖ్యమంత్రి అయ్యారు. కూటమి బలం కంటే ఏడు ఓట్లు ఎక్కువ. రహస్య బ్యాలెట్ కనుక అవి ఎవరివని నిరూపించలేము. ముందుగా వామపక్షంతో కుదిరిన అవగాహనను బట్టి ఊహించవచ్చు. వామపక్షంతో సహకరించరాదన్న 2018 తీర్మానం మాత్రం సి.డి.యు. దస్త్రాలలో అలాగే ఉన్నది.

ఓడిన ముఖ్యమంత్రి ఇంట కూర్చోలేదు. పార్టీ జాతీయస్థాయిలో ఐదు శాతం దాటదన్న భయం ఉన్నప్పుడు గ్రెగోర్ గీసి, డీట్‌మార్ బార్ట్ష్‌లతో కలిసి ‘వెండి జుట్టు’ పేరుతో ప్రచారం ప్రారంభించారు. మూడు నియోజకవర్గాలలో నేరుగా గెలిస్తే ఐదు శాతం నిబంధన వర్తించదన్నది వారి లెక్క. 2025 ఫిబ్రవరిలో ఆ ఊతం అవసరం లేకుండానే పార్టీ 8.8 శాతం ఓట్లతో 64 స్థానాలు పొందింది. రామెలో ఎర్ఫుర్ట్, వైమార్ ప్రాంతపు స్థానాన్ని నేరుగా గెలుచుకున్నారు.

2025 ఎన్నికలలో 152 స్థానాలు గెలిచిన ఎ.ఎఫ్.డి. బుందెస్టాగ్‌లో ప్రధాన ప్రతిపక్షం. ప్రతి పక్షానికి ఒక ఉపాధ్యక్షుడు ఉండాలని సభా నియమావళి చెబుతున్నా, ఆ పార్టీ అభ్యర్థికి మార్చి 25న కావలసిన ఓట్లు పడలేదు. ఎర్ఫుర్ట్‌లో ఆ పార్టీ అభ్యర్థికి ఓటు వేసి, ఆ పార్టీ నాయకునికి చేయి ఇవ్వని మనిషి, వంతు వచ్చినప్పుడల్లా ఆ సభాపతి స్థానంలో కూర్చుని వారిని పేరుపేరునా మాట్లాడమని పిలుస్తున్నారు.